ఆకు, జెల్లీ, నూనె

కేస్ షీట్ మొదటి పేజీలో ‘అలవాట్లు’ అని ఒక గడి ఉంటుంది. బీడీ, సిగరెట్టు, మందు, గుట్కా, ఆకువక్క. పాతికేళ్లకు పైగా ఆ గడి నింపుతున్నా. పేషెంటు మొహం వంక చూడకుండా, పెన్ను కాగితం మీదే ఆనించి, ఒక్క ఊపిరిలో అడిగేసేదాన్ని. బీడీ తాగుతావా, మందు తాగుతావా, ఏమన్నా నములుతావా? లేదంటే లేదని రాసి ఇంకో మంచం దగ్గరికి పోవడమే. ఆ గడి నన్ను మూడుసార్లు బోల్తా కొట్టించింది. గడి తప్పేం లేదు లెండి. అడిగిన నోరు నాది, విన్న చెవులు నావి.

మొదటిది జమ్మలమడుగులో. నేను పుట్టింది ఆ ఊరి క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే, లండన్ మిషన్ వాళ్లు పెట్టింది. అక్కడి నర్సమ్మలను చూసే నాకూ ఈ పని మీద మనసు పుట్టింది. జీఎన్ఎం ముగించి 1998లో ఊళ్లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరా. చేరిన రెండో నెలలో గండికోట వైపు పల్లె నుంచి గొర్రెలు కాసే ముసలాయన ఒకరు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు.

“అలవాట్లు ఏమన్నా ఉన్నాయా నాయనా?”

“ఏముండాయి పాపా, రేత్రిపూట ఇంత ఆకు. అంతే.”

‘తమలపాకు’ అని రాసుకున్నా. మా వైపు ఆకంటే తమలపాకే. మొలకు ఆకువక్క సంచి కట్టుకోని ముసలాయన ఆ రోజుల్లో కనపడితే ఆశ్చర్యపోవాలి. పోతే, ఆ సంచి ఈయన మొలకు లేదు. అది నా కళ్లకు కనపడింది గానీ బుర్రకెక్కలేదు.

ఆపరేషన్ రోజు వెన్నులో మత్తు సూది సరిగానే పనిచేసింది. మనిషి కదలకుండా కాస్త నిద్రపోవడానికి ఇచ్చే ఇంజక్షన్ మాత్రం మామూలు కొలతకు లొంగలేదు. మత్తు డాక్టరు మళ్లీ కొంచెం, మళ్లీ కొంచెం ఎక్కిస్తూ, “ఈయనకు ఏమన్నా అలవాటుందా సిస్టర్?” అని అడిగారు. నేను షీట్ తిప్పి, “తమలపాకు ఒక్కటే సార్” అన్నా, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

రెండో రోజు నుంచి ముసలాయన తిరగబడ్డాడు. నిద్ర లేదు, ఒళ్లంతా చెమట, అన్నం పళ్లెం తోసేశాడు. కుట్లు పచ్చిగా ఉంటే మంచం దిగి వార్డంతా తిరుగుతాడు. సారాయి తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఇట్లే ఉంటుందని చదువుకున్నా కాబట్టి, ఆయన భార్యను పక్కకు పిలిచి నిలదీశా. “అబద్ధం చెప్పి ఆపరేషన్ చేయిస్తారా? చస్తే ఎవరిది బాధ్యత?” ఆమె ఏడ్చింది. “సారాయి ముట్టడు తల్లీ. ఆకు లేక నిద్ర పట్టక అట్ల చేస్తాండాడు.” సరే, పాపమని వార్డు బాయ్‌ని అంగడికి పంపి కవుళి ఆకులు, వక్కలు తెప్పించి స్వయంగా ఆయన చేతిలో పెట్టా. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, “ఇయ్యి మేకకు పెట్టు పాపా” అన్నాడు.

ఆయన ఆకు భంగాకు, గంజాయి మొక్క ఆకు. ఎప్పుడో వయసులో ఉండగా బైరాగుల గుంపుతో తిరిగి నేర్చుకున్నాడంట. రోజూ రాత్రి ఇంత ఆకు, రెండు మిరియాలు, బెల్లం వేసి నూరి, రేగుపండంత ఉండ మింగి పడుకునేవాడు. నలభై ఏళ్లుగా అదే. మోకాళ్ల నొప్పులకని ఆయన మాట. ఆకు మానేస్తే ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చిరాకు, చెమట, ఆకలి చచ్చిపోవడం ఉంటాయని ఇప్పుడు అందరికీ తెలుసు. 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 పుస్తకంలో కూడా దాన్నొక జబ్బుగా చేర్చారు. 1998లో నా పుస్తకంలో మాత్రం ఆ పేజీ లేదు.

ఒక చిత్రం చెప్పాలి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్ చట్టమంటామే, దాని లెక్కలో ముసలాయన ఆకు గంజాయి కాదు. పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. బంక చరస్. కొసలు కలవకుండా విడిగా ఉన్న ఆకునూ గింజనూ ఆ నిర్వచనంలోంచి తీసేశారు. ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలకు వదిలారు. ఆయుర్వేదంలో దాని పేరు విజయ. డాక్టరు పర్యవేక్షణలోనే వాడాల్సిన విష ద్రవ్యాల పట్టిక ఒకటి మన మందుల చట్టాల్లో ఉంది, ఉమ్మెత్త, ముష్టి గింజల పక్కన భంగు కూడా అందులో కూర్చుని ఉంటుంది. 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే దొర డాక్టరు ధనుర్వాతం రోగులకు, కీళ్లనొప్పుల రోగులకు ఇదే మొక్క సారం ఇచ్చి చూసి, ఆ సంగతి రాసి ఇంగ్లీషు వైద్యులకు పరిచయం చేశాడు. ఇవన్నీ నేను చాలా తర్వాత, అవసరం పడ్డాక చదువుకున్నవి. అప్పట్లో మాత్రం ఆ సంగతిని నవ్వుకునే కథగా మార్చేశా. కొత్తగా చేరిన పిల్లలకు ‘మేకకు పెట్టు’ కథ చెప్పి నవ్వించేదాన్ని. నవ్వుకున్న కథ నుంచి మనిషి ఏం నేర్చుకుంటాడు?

ప్రొద్దుటూరు కథ నవ్వుకునేది కాదు.

2022 ఎండాకాలం. ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా ఉన్నా. కడుపులో క్యాన్సర్ గడ్డతో వేలూరులో కీమో తీసుకుంటున్న పెద్దాయన ఒకరు, మూడో విడత అయ్యాక వాంతులు ఆగక సెలైన్ కోసం మా దగ్గర చేరారు. అరవై ఎనిమిదేళ్లు. బంగారు అంగట్లో నలభై ఏళ్లు గుమాస్తాగా లెక్కలు రాసిన మనిషి. ఒళ్లు చిక్కి ఎముకలు తేలినా మంచం పక్కన కళ్లద్దాలు, పెన్ను, చిన్న పుస్తకం వరుసగా పెట్టుకునేవారు. దగ్గర కూతురు, భార్య ఉండేవాళ్లు. కొడుకు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. కీమో మొదలైనప్పుడు వచ్చి పోయాడు.

చేర్చుకునేటప్పుడు ఆరు మంచాల వార్డు మధ్యలో నిలబడి అలవాట్లు అడిగా. ఈసారి జమ్మలమడుగు గుర్తొచ్చి, తెలివిగా ఒక ముక్క కలిపా. “బీడీ, మందు, గంజాయి ఏమన్నా తాగుతావా పెద్దాయనా?” పక్క మంచాల వాళ్లు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వా. ఆయన నవ్వలేదు. “లేదమ్మా” అన్నారు.

రెండో రోజు దుప్పటి మారుస్తుంటే దిండు కింద ప్లాస్టిక్ సీసా దొరికింది. లోపల ఎర్రవీ పచ్చవీ చదరం జెల్లీ ముక్కలు, మీద చక్కెర అద్దినట్టు. మూత తీస్తే మామిడి తాండ్ర వాసన, దాని అడుగున ఇంకేదో పచ్చి వాసన. లేబుల్ మీద త్రికోణంలో ఆకు బొమ్మ. టీహెచ్‌సీ అనే మూడక్షరాలు కనపడ్డాయి. ఇంక ఒక్క అక్షరం కూడా చదవలేదు.

కూతుర్ని అక్కడే, అందరి ముందరే నిలబెట్టి కడిగేశా. “ఇది గంజాయి. తెలుసా నీకు? పోలీసోళ్లు వస్తే నువ్వూ మీ నాయనా ఇద్దరూ లోపల ఉంటారు.” చట్టం ప్రకారం నేనన్నది తప్పు కాదు. మత్తెక్కించే ఆ టీహెచ్‌సీ ఉన్న సరుకును దేశంలోకి తేవడం ఎన్‌డీపీఎస్ కింద నేరమే, మందు పేరుతో తెచ్చినా సరే. ఆ అమ్మాయి మొహం సున్నం కొట్టినట్టయింది. “అక్కా, వాంతులకని మా తమ్ముడు...” ఆ మాట పూర్తి కానియ్యలేదు. సీసా తీసుకుపోయి పసుపు సంచిలో పడేశా, పనికిరాని మందులు పడేసే సంచి అది. తెల్లారి ఆరింటికి వ్యాను వచ్చి తీసుకుపోయింది.

ఇంతవరకు చేసింది తొందర. అసలు తప్పు ఆ తర్వాతది. డాక్టరుకు చెప్పలేదు. కేస్ షీట్‌లో ఒక్క ముక్క రాయలేదు. రాస్తే కాగితం మీదికి వస్తుంది, వస్తే ఆ కుటుంబానికి తిప్పలు, ఆసుపత్రికి చెడ్డపేరు. సీసా పోయింది కదా, గొడవ తీరింది కదా అనుకున్నా. వాళ్లను కాపాడానని లోలోపల కొంచెం గర్వం కూడా. సాయంత్రానికి వార్డంతా ‘గంజాయి మంచం’ అనడం మొదలైంది. తులసి వనంలో గంజాయి మొక్క అని చెడిపోయిన కొడుకును తిట్టే భాష మనది. ఏజెన్సీ నుంచి వచ్చిన మూటలు పట్టుబడిన వార్త లేని వారం ఉండదు. ఆ పేరుతో మంచాన్ని పిలిస్తే మంచం మీది మనిషికి ఎట్లుంటుందో నేను ఆలోచించలేదు.

మూడో రోజు రాత్రి నైట్ డ్యూటీ పిల్ల రాకపోతే నేనే ఉన్నా. చార్టులో నొప్పికి ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రజోలం. తొమ్మిదిన్నరకు మాత్ర ఇచ్చా. అప్పటికే ఆయన మాటలు ముద్దగా వస్తున్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కీమో నీరసం అనుకున్నా. పదకొండుకు పల్స్ 122. బీపీ 90 మీద 58. నోరెండిపోయిందని నీళ్లు అడిగారు, ఇచ్చా. డాక్టరుకు ఫోన్ చేద్దామా, సెలైన్ కొంచెం వేగం పెంచి చూద్దామా అని తటపటాయిస్తూ పక్క గదిలో ఒక బాలింత దగ్గరికి పోయా. ఒంటిగంటకు బాత్‌రూము వైపు నుంచి స్టాండు పడిన చప్పుడు. పెద్దాయన నేల మీద ఉన్నారు. ఐవీ గొట్టం ఊడి రక్తం. కుడి మణికట్టు వంకర తిరిగి ఉంది. లెక్కలు రాసిన చెయ్యి.

డాక్టరు పది నిమిషాల్లో వచ్చారు. కాళ్లు ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ పెంచి చూస్తున్నారు. మనిషి మత్తులోంచి తేరుకోవడం లేదు. అప్పుడు భార్య గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు, “ఆ జెల్లీ ఒకటి ఇచ్చినా నేను” అంది. కూతురు ఆమె వంక తిరిగి, “నువ్వూ ఇచ్చినావా?” అంది.

కొడుకు తెచ్చినవి రెండు సీసాలు. రెండోది ఇంట్లో ఉంది. నా కేకలకు భయపడి ఆ ముక్కల్ని సోంపు డబ్బాలోకి మార్చి తెచ్చుకున్నారు. ఏడున్నరకు నేను వార్డు ఆ చివర ఉన్నప్పుడు కూతురు చీకట్లో ఒక ముక్క నోట్లో పెట్టింది. ఎనిమిదిన్నరకు, కూతురు కిందికి టిఫిన్‌కు పోయినప్పుడు, ఆ సంగతి తెలియక భార్య ఇంకొకటి పెట్టింది. షిఫ్టు మారేటప్పుడు మాకు హ్యాండోవర్ ఉంటుంది. దొంగచాటుగా ఇచ్చే మందుకు హ్యాండోవర్ ఎక్కడుంటుంది?

“ఒక ముక్కలో ఎన్ని మిల్లీగ్రాములు?” డాక్టరు అడిగారు. సోంపు డబ్బా మీద సోంపు బొమ్మే ఉంది. లేబుల్ ఉన్న సీసాను పంపించేసింది నేను. అప్పుడు చెప్పా, రెండు రోజుల కిందట దొరికిందని. డాక్టరు నన్నేమీ అనలేదు. “ముందే తెలిసుంటే ఆల్ప్రజోలం ఆపుండేవాణ్ణి” అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఫ్రీమాంట్‌లో అప్పుడు మధ్యాహ్నం. కొడుకు ఫోన్‌లో పాత ఆర్డరు వెతికి చెప్పాడు, ముక్కకు 10 మిల్లీగ్రాములు. ఆ రాష్ట్రంలో ఒక ముక్కకు అంతకన్నా ఎక్కువ పెట్టకూడదు. అలవాటు లేని ముసలివాళ్లకు రెండున్నరతో మొదలుపెట్టమంటారు. ఆయన కడుపులోకి పోయింది 20. దాని మీద నేనిచ్చిన నిద్రమాత్ర, దాని కింద ట్రమడాల్. పొగ అయితే నిమిషాల్లో ఎక్కుతుంది. తిన్నది నిదానంగా ఎక్కుతుంది, అరగంట నుంచి రెండు గంటలు, తర్వాత ఆరేడు గంటలు దిగదు. గుండె వేగం పెంచుతుంది, లేచి నిలబడితే బీపీ పడేస్తుంది. నేను రాసుకున్న పల్స్, బీపీ, ఎర్రకళ్లు, ఎండిన నోరు అన్నీ పాఠం చదివినట్టు ఆ కాగితం మీదే ఉన్నాయి. చదవాల్సింది నేనే. దీనికి విరుగుడు ఇంజక్షన్ అంటూ లేదు, కనిపెట్టుకుని కూర్చోవడమే. తెల్లవార్లూ అదే పని చేశా.

మర్నాడు మధ్యాహ్నానికి ఆయన పూర్తిగా తేరుకున్నారు. చేతికి కట్టు. నేను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నా. ఆ వార్డులో నేను కూర్చోవడం అదే మొదటిసారేమో.

“నేనడిగినప్పుడు చెప్పుంటే బాగుండేది కదా పెద్దాయనా.”

“నువ్వేమడిగితివి? గంజాయి తాగుతావా అంటివి. ఇది తాగేది కాదు కదమ్మా, తినేది. లేదంటి.”

ఎడమ చేత్తో ఆ చిన్న పుస్తకం తీసి ఇచ్చారు. పద్దు రాసినట్టు గీతలు కొట్టి ఉంది. తేదీ, గంట, ‘సగం’. తిన్నది, వాంతి అయినవి, నిద్ర పోయింది. ఇంట్లో ఉన్నన్ని రోజులు సగం ముక్క మించలేదు. భార్య వక్కలు కత్తిరించే అడకత్తెరతో ముక్కను సరిగ్గా రెండు చేసేవారంట. “మిల్లీగ్రాము అంటే ఏందో మాకు తెలుసమ్మా. బంగారం తూచినోళ్లం.” సగం ముక్క వేసుకున్న రోజుల్లో ‘సంగటి, మూడు ముద్దలు’ అని రాసుంది. వేసుకోని రోజుల్లో అంత లేదు. ఆసుపత్రిలో చేరిన రోజు దాకా పద్దు ఉంది. నేను సీసా పడేసిన రోజు నుంచి పేజీ ఖాళీ. పోలీసులంటే ఎవరు రాసిపెట్టుకుంటారు?

నా కేస్ షీట్ కన్నా ఆ పుస్తకం మేలు. మూడు రోజులు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

కొడుకు తర్వాత ఫోన్‌లో ఒక మాటన్నాడు, గొడవకు కాదు, అడగాలనిపించి. “మా దగ్గర ఆఖరి దశ పేషెంట్లను ఆసుపత్రిలోనే వాడుకోనిస్తారు కదా సిస్టర్, మీ దగ్గర ఎందుకు కుదరదు?” అతను చెప్పింది ర్యాన్ చట్టం గురించి. క్లోమగ్రంథి క్యాన్సర్‌తో పోయిన ర్యాన్ బార్టెల్ అనే యువకుడి తండ్రి పట్టుబట్టి సాధించింది, 2022 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. అక్కడా పొగ తాగనివ్వరు. మందును తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. మన దగ్గర అట్లాంటి చట్టం లేదు, కాబట్టి అతను అడిగిన దానికి నా జవాబు ఈరోజుకీ ‘కుదరదు’ అనే. ఆ జెల్లీ ఆసుపత్రిలో ఇవ్వడానికి నేను ఒప్పుకుని ఉండాల్సిందని చెప్పడం లేదు. అడ్డు చెప్పడానికి, అరవడానికి మధ్య చాలా చోటుంది. లేబుల్ చదివి, షీట్‌లో రాసి, డాక్టరును మంచం దగ్గరికి పిలిచి, తెర లాగి నలుగురం మాట్లాడుకునేంత చోటు. వాంతులకు వేరే మందు మార్చమని అప్పుడే అడిగేవాళ్లం. ఆయన మణికట్టు బాగుండేది.

పెద్దాయన ఆ దసరా చూడలేదు.

తర్వాత నా చదువు మొదలైంది. షికాగోలో పనిచేసే మా బ్యాచ్‌మేట్ ఒకామె, అక్కడి నర్సింగ్ బోర్డుల మండలి 2018లో వేసిన మార్గదర్శకాలు పంపింది, గంజాయిని మందుగా వాడే పేషెంట్ల విషయంలో నర్సు ఏం తెలుసుకోవాలో, ఏం చేయకూడదో. చట్టం తెలుసుకో, మందు పనిచేసే తీరు తెలుసుకో, నీకు అధికారం లేనప్పుడు నీ చేత్తో ఇవ్వకు, పేషెంటు మీద తీర్పు చెప్పకు. రెండోసారి చదివేటప్పుడు ‘నీ చేత్తో ఇవ్వకు’ దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకున్నా. పెట్టుకుని ఏం లాభమో పులివెందులలో చూస్తారు. అమెరికాలో 2023లో దీన్నొక ప్రత్యేక నర్సింగ్ విభాగంగా కూడా గుర్తించారు. ఐక్యరాజ్యసమితిలో 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకర మత్తుల జాబితా నుంచి తీసేయడానికి ఓటు పెడితే మన దేశం కూడా తీసేయమనే వేసింది. మన చట్టంలోనూ వైద్యానికి, పరిశోధనకు దారి తెరిచే ఉంది, ఆ దారిలో నడిచేవాళ్లే తక్కువ.

అడిగే తీరు మార్చా. తెర లాగి, కూర్చుని, “నొప్పికో నిద్రకో వాంతులకో ఇంట్లో ఇంకేమన్నా వాడుతున్నారా, ఆకుగానీ ఉండగానీ నూనెగానీ, ఎవరన్నా తెచ్చిచ్చింది గానీ? నేను డాక్టరుకు చెప్పాలి, పోలీసుకు కాదు.” ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక ఆశ్చర్యం, ఎన్ని బయటికొచ్చాయో. మునక్కా పేరుతో పాన్ అంగళ్లలో అమ్మే భంగు గోళీలు, కాశీ నుంచి తెచ్చిన ఉండలు. ఒక కుర్రాడు మూడు నెలల్లో నాలుగుసార్లు వాంతులతో చేరాడు. స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. మే నెల, ప్రొద్దుటూరు ఎండ, ఫ్యాన్ కింద మేం ఉడికిపోతుంటే అతను మాత్రం గీజర్ పెట్టించుకుని రోజుకు ఐదారుసార్లు సలసల కాగే నీళ్లతో స్నానం చేస్తాడు. అప్పుడే కడుపులో నెమ్మదిస్తుందంట. ఏళ్ల తరబడి గంజాయి పొగ పీల్చినవాళ్లలో కొందరికి వచ్చే వాంతుల జబ్బు గుర్తు అదే. 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు మొదటిసారి రాశారు. ఒక పెద్దాయనకు వాంతులాపిన మొక్కే ఇంకో కుర్రాడికి వాంతులు తెప్పిస్తోంది. అడిగితే చెప్పాడు. మానేశాడు, తగ్గింది. డాక్టరు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. అక్కడ నా కళ్లు నెత్తికెక్కాయి.

2024లో ఆసుపత్రి మానేసి పులివెందులలో ఇళ్లకు పోయి చూసే పని పెట్టుకున్నా. లింగాల దారిలో చీనీ తోట ఉన్న ఇల్లు. పక్షవాతంతో పడుకున్న అవ్వకు పడకపుండ్ల కట్టు మార్చడానికి రోజు మార్చి రోజు పోయేదాన్ని. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల మనవడు, పసితనం నుంచి ఫిట్స్. వాల్ప్రొయేట్ సిరప్, క్లోబజం మాత్రలు. ఒకరోజు వాళ్లమ్మ గంజి వార్చుకుంటూ, “అక్కా, ఎవరికీ చెప్పొద్దు, బెంగళూరులో మా పిన్ని కొడుకు ఒక నూనె తెప్పిచ్చినాడు. గంజాయి నూనెంట. అమెరికాలో ఫిట్స్‌కు ఇదే ఇస్తారంట” అంది.

నేను అరవలేదు. చూశారా, అరవలేదు! చెప్పినందుకు మెచ్చుకున్నా. గోడకానుకుని పాఠం మొదలుపెట్టా. అవును, సీబీడీ అంటారు, మత్తెక్కించదు, 2018లో అమెరికాలో ఎపిడియోలెక్స్ అనే మందుగా అనుమతి ఇచ్చారు, క్లోబజంతో కలిస్తే నిద్రమత్తు పెరుగుతుంది, వాల్ప్రొయేట్‌తో కలిస్తే లివర్ పరీక్ష చేయించుకోవాలి, న్యూరాలజీ డాక్టరుకు తప్పకుండా చెప్పు. అన్నీ నిజాలే. ఆమె కళ్లు మెరుస్తుంటే నాకు ఇంకా చెప్పబుద్ధయింది. సీసా చూపించింది. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ చూసి తలూపా. బాబు మారాం చేస్తుంటే, “నువ్వెయ్యక్కా, నీ చేతిలో తాగుతాడు” అంటే నేనే నాలుగు చుక్కలు నాలుక మీద వేశా. పెన్సిల్ గీత ఏమైందని అడగొద్దు.

పక్క గదిలో మంచం మీద నుంచి అవ్వ నంగినంగిగా, “జనుము గింజల నూనె అది, అగ్గువది” అంది. ఆమెకు మాట సరిగా తిరగదు. “జనుము కాదవ్వా, వేరే మొక్క” అని నవ్వి చెప్పా. పొలంలో పచ్చిరొట్టకు చల్లే జనుముకూ దీనికీ సంబంధం లేదని, ఆమెకు కూడా ఒక పాఠం.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి ఫిట్స్ మొదలై ఆగలేదు. 108లో కడపకు తీసుకుపోయారు. నూనె ఉంది కదా అని ఆ తల్లి సిరప్ సగానికి తగ్గించింది. తగ్గించమని నేను చెప్పలేదు. నూనె అంత గొప్పదని మాత్రం చెప్పా. అది చాలింది.

మర్నాడు ఆ ఇంటికి పోయి సీసా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పా. గింజలు పిండి తీసిన నూనె. హెంప్ అంటే గంజాయి జాతి మొక్కే, దాని గింజల్ని, వాటి నూనెను ఆహారంగా అమ్ముకోవచ్చని 2021 నవంబరులో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతిచ్చింది, ఆ లైసెన్సు నంబరే అక్కడుంది. గింజలో సీబీడీ ఉండదు, అంటుకున్నది ఏమన్నా ఉంటే లెక్కలోకి రానంత. అసలు మందైనా ఒంటి బరువు కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన 22 కిలోల పిల్లవాడికి రోజుకు 220 మిల్లీగ్రాములు కావాలి. నేను వేసిన నాలుగు చుక్కలు సలాడ్ మీద వేసుకునే నూనె. అవ్వ మొక్క పేరు తప్పు చెప్పినా ‘గింజల’ అన్న మాట సరిగ్గానే చెప్పింది. ఎవరో చదువుతుంటే విన్నదంట.

బాబు ఐదు రోజులకు ఇంటికొచ్చాడు. సిరప్ పాత కొలతకు పోయింది. “ఈ నూనె మంచిదని ఎవరు చెప్పారమ్మా?” అని అక్కడి డాక్టరు అడిగితే ఆమె నా పేరు చెప్పలేదంట, పిన్ని కొడుకు అనింది. ఆ మాట ఆమె నాకు చెప్పిన రోజు అవ్వకు కట్టు మార్చడానికి మామూలు కన్నా రెట్టింపు సమయం పట్టింది నాకు.

ఆమెకు ఒక్కటే చెప్పా, ఏ సీసా ఇంట్లోకొచ్చినా ముందువైపు, వెనకవైపు ఫోటో తీసి నాకు పంపమని. చదివి, అది డాక్టరును అడగాల్సిందైతే అడగమని చెప్తా, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడనని. ఆమె ఆ మాట గట్టిగా పట్టుకుంది. టూత్‌పేస్టు కూడా పంపింది ఒకసారి. నిన్న రాత్రి పదిన్నరకు దగ్గు సిరప్ ఫోటోలు వచ్చాయి, రెండు వైపులా. వెనకది మసకగా ఉంది. లైటు కిందికి పోయి మళ్లీ తియ్యమన్నా.